మెడలు కాదు, మొహాలు

1949 ఎండాకాలం. డోర్నకల్ జంక్షన్‌లో నేను టికెట్ ఎగ్జామినర్‌ని. స్టేషన్ గేటు దగ్గర నిలబడి టికెట్లు పుచ్చుకునేవాడు కలెక్టర్, నడిచే రైల్లో తిరుగుతూ చూసేవాడు ఎగ్జామినర్. జనానికి ఇద్దరూ ఒకటే. ఇద్దరినీ టీసీ అనే పిలుస్తారు, ఇద్దరినీ ఒకేలా తిట్టుకుంటారు. నా పేరు ఆనందం. లైను మీద మాత్రం అందరూ నన్ను అనుమానాల ఆనందం అనేవాళ్ళు. మా ఆవిడ రూతమ్మ ఇంకో మెట్టు ఎక్కి, "పరలోకం గేటు కాడ పేతురు నిలబడి ఉంటే, ఆయన్నే పాస్ చూపియ్యమంటవ్ నువ్వు" అనేది. అంటే అననీ. అనుమానం లేని టీసీ, పళ్ళు లేని కుక్క ఒకటే.

ఆ రోజుల సంగతి కాస్త చెప్పాలి. పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయింది గానీ మా వైపు సాయుధ పోరాటం ఆగలేదు. గూడూరు అవతల అడవుల్లో కమ్యూనిస్టు దళాలుండేవి. మానుకోటలో, అంటే మహబూబాబాదులో, పోలీసు క్యాంపు ఉండేది. క్యాంపు లారీలు పల్లెల మీద పడి "దళానికి అన్నం ఎవరు పెట్టిండ్రు?" అని ఆడవాళ్ళను కూడా ఎక్కించుకుపోయేవి. ఎవరు ఎవరి మనిషో తెలియదు. పక్కన కూర్చున్నవాడు పొగాకు అడిగినా ఎందుకడిగాడా అని ఆలోచించాల్సిన కాలం. అందరికీ అందరి మీదా అనుమానమే. నేను పుట్టుకతోనే అటువంటివాణ్ణి గనక నాకు పెద్ద తేడా తెలియలేదు.

ఇప్పటి రైళ్ళలాగా అప్పుడు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి లోపల దారి ఉండేది కాదు. దేని తలుపు దానిదే. టికెట్లు చూడాలంటే మేము బయటి ఫుట్‌బోర్డు మీద, అంటే తలుపుల కింద పొడుగునా ఉండే చెక్క మీద, కడ్డీలు పట్టుకుని పాకుతూ పోవాలి. చేతిలో టికెట్లు కత్తిరించే నిప్పర్, నోట్లో రసీదు పుస్తకం, కింద కంకర రాళ్ళు. చేరిన కొత్తలో నేను ప్రతి డబ్బాకీ ఒక ప్రార్థన చేసుకునేవాణ్ణి. తరవాత అలవాటైపోయి తిట్లే మిగిలాయి.

అట్లా పాకుతుండగానే మొదటిసారి ఆ పోరగాణ్ణి చూశాను. ఎనిమిదేళ్ళుంటాయేమో. మొలకు గోచి, ఒంటి మీద చిరిగిన బనీను. నేను రెండు చేతులా కడ్డీ పట్టుకుని వణుకుతూ వస్తుంటే, వాడు నాకు ఎదురుగా ఒక్క చేత్తో వేలాడుతూ వస్తున్నాడు. నన్ను చూశాడు. కోటు చూశాడు. రైలు ఔటర్ సిగ్నల్ దగ్గర, అంటే స్టేషన్‌కి అల్లంత దూరాన ఉండే సిగ్నల్ దగ్గర, వేగం తగ్గించగానే చెయ్యి వదిలేశాడు. నేను కేక వేశాను. వాడు మాత్రం భుజం మీద పడి, బంతిలా దొర్లి, లేచి, దుమ్ము దులుపుకుని కంపచెట్లలోకి పోయాడు. నా సర్వీసులో టికెట్ లేనివాళ్ళు సంచీ కింద దాక్కోవడం చూశాను, ముసుగేసుకుని చూలాలి వేషం కట్టడం చూశాను. ఇట్లా పడగలిగినవాణ్ణి చూడలేదు.

ఆ తరవాత ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్నీ జనానా డబ్బా నుంచే. ఆడవాళ్ళకు విడిగా ఉండే డబ్బాను అట్లా అనేవాళ్ళు. కురవి వీరభద్రస్వామి దర్శనానికి పోయి వస్తున్న ఒక పెద్దింటి ఆవిడ ప్లాట్‌ఫారం మీద నన్ను నిలబెట్టి కడిగేసింది.

"ఏమయ్యా, కోటేసుకున్నవ్ గదా, కండ్లు లేవా? నడుస్తున్న బండిల ఎవడో పోరడు కిటికిల తల పెట్టి అందరిని చూస్తుండు. మా మెడలల్ల బంగారం ఉన్నది!"

నాకు లెక్క తేలిపోయింది. వాడు గొలుసు దొంగల ముఠాకు కన్ను. ఏ డబ్బాలో ఏ మెడలో ఏముందో చూసుకుని, ఔటర్ దగ్గర దూకి ముఠాకు చెప్తాడు. లేకపోతే అంత చిన్నవాడికి ప్రాణాలకు తెగించే పని ఏముంటుంది? ఇంకా తేలికైన అనుమానం కూడా ఒకటి ఉంది, వాడు దళానికి కబుర్లు మోస్తున్నాడేమోనని. ఆ రెండోది నేను నాలోనే ఉంచుకున్నాను. ఆ మాట నోరు దాటితే ఎక్కడికి పోతుందో ఆ రోజుల్లో ఎవరికైనా తెలుసు.

జనానా డబ్బాలోకి మగ ఎగ్జామినర్ పోయి కాపు కాయడానికి లేదు. అందుకని రూతమ్మను పంపాను. ఫ్యామిలీ పాస్ ఉంది, మెడలో గొలుసు ఉంది, నోరు అంతకంటే బాగా ఉంది.

"దొంగను పట్టనీకి పెండ్లాన్ని ఎర పెడుతున్నవా? మా పాస్టరమ్మకు చెప్త ఉండు" అంది. అని, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మరీ వచ్చింది.

మానుకోటలో బండెక్కింది. డోర్నకల్‌లో దిగేసరికి మొహం ఎట్లానో ఉంది.

"వచ్చిండా?"

"వచ్చిండు."

"గొలుసు చూసిండా?"

"నువ్వు టీసీవి ఎట్లైనవయ్యా?" అంది రూతమ్మ. "పైట తీసి గొలుసు కనబడేటట్టు కూసున్న. వాడు దాని దిక్కే చూడలే. వాడు మెడలు చూస్తలేడు, మొహాలు చూస్తుండు. ఒక్కొక్కలను చూసిండు. ముసుగేసుకున్న ముసలామె ముసుగు తీసేదాక ఆగి, తీసినంక చూసిండు. అప్పుడు ముంగటి డబ్బకు పోయిండు."

మెడలు కాదు, మొహాలు. నాకు ఇంకా ఎక్కువ అనుమానం వచ్చింది. బంగారం అక్కర్లేని దొంగ ఇంకేం దొంగిలిస్తాడు? ఎవరినో గుర్తుపట్టడానికి తిరుగుతున్నాడంటే వెనక ఎవరో ఉన్నారన్నమాట. దళమా, క్యాంపా? ఎవరిని పట్టించడానికి?

మర్నాడు మళ్ళీ రూతమ్మను పంపాను. ఈసారి ఉడకబెట్టిన పల్లికాయ కొంగులో మూట కట్టుకుని పోయింది. వాడు కిటికీలో తల పెట్టగానే గుప్పెడు పల్లికాయ చాచిందట. వాడు ఒక చెయ్యి చాచాడు, ఈవిడ మణికట్టు పట్టుకుంది. నేను పై అధికారులకు ఎన్నిసార్లు చెప్పానో, ఆడవాళ్ళను టికెట్ ఎగ్జామినర్లుగా తీసుకుంటే రైల్వే బాగుపడుతుందని. ఎవరూ వినలేదు.

డోర్నకల్‌లో వాణ్ణి దింపి లాంప్ రూములో, అంటే సిగ్నల్ దీపాలకు కిరోసిన్ పోసే గదిలో, కూర్చోబెట్టాం. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. వాడు పల్లికాయ తింటూ నా కోటు గుండీలు చూస్తున్నాడు. భయం ఉన్నట్టు లేదు.

"పేరేంది?"

"సమ్మయ్య."

"ఏ ఊరు?"

గూడూరు అవతల అడవంచున ఉన్న ఒక పల్లె పేరు చెప్పాడు.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఎవ్వలు పంపలే. మా అవ్వను దేవులాడుతున్న." అవ్వ అంటే మా వైపు అమ్మ, దేవులాడటమంటే వెతకడం.

"మీ అవ్వ రైల్లెందుకు ఉంటది?"

వాడు నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు. "లారీల వచ్చి తోలుకపోయిండ్రు. మానుకోటల రైలెక్కిచ్చిండ్రని మా సిన్నవ్వ చెప్పింది."

"ఎక్కించిండ్రు సరే. ఎప్పుడో దిగి ఉంటది గదరా!"

"ఎక్కిచ్చిండ్రని అందరు చెప్పిండ్రు సారూ" అన్నాడు వాడు. "దించిండ్రని ఎవ్వలు చెప్పలే."

నేను రూతమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెల్లగా అడిగితే మిగతాది చెప్పాడు. తండ్రి కల్లు గీసే గౌడు, తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. చెట్లెక్కడం, జారితే ఎట్లా పడాలో తెలియడం వాడికి అక్కడ అబ్బింది. తల్లి కొమురమ్మ ఒకరోజు ఎవరో ఇద్దరు అడిగితే గటక, అంటే జొన్న సంకటి, పోసింది. ఆ ఇద్దరు ఎవరో ఆమెకు తెలుసో లేదో వాడికి తెలియదు. క్యాంపువాళ్ళకు మాత్రం తెలిసింది. తల్లిని తీసుకుపోయాక చిన్నమ్మ దగ్గర ఉన్నాడు. ఆమె కొట్టేది, గిన్నె బోర్లించి లేదు పొమ్మనేది. వీడు పారిపోయి మానుకోట స్టేషన్ చేరాడు. రైలును అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పొద్దున ఇటు పోయిన బండి సాయంత్రం అటు వస్తుంటే, అదే బండి, అదే జనం, గానుగెద్దులా తిరుగుతున్నారనుకున్నాడు. ఎక్కించినవాళ్ళను ఎవరూ దించకపోతే లోపలే ఉంటారు కదా. టికెట్ లేనివాణ్ణి లోపలికి రానివ్వరు, అందుకని బయటి నుంచి చూస్తున్నాడు.

చదివేవాళ్ళకు ఇక్కడ కళ్ళు చెమర్చాలి. నాకూ చెమర్చాయి, అబద్ధం ఎందుకు. అయినా టీసీ బుద్ధి ఎక్కడికి పోతుంది? కథ మరీ బాగుంది అనిపించింది. బాగా చెప్పే కథలు నేను రోజుకు ఇరవై వినేవాణ్ణి, అన్నీ టికెట్ లేనివాళ్ళవే.

అంతలో తలుపు దగ్గర బూట్ల చప్పుడు. మానుకోట క్యాంపు జమేదారు. అప్పుడప్పుడు స్టేషన్‌కు వచ్చి, దిగేవాళ్ళ మొహాలు చూసి పోయేవాడు. ఉత్తరాది మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"ఏ లడ్‌కా కౌన్?" అన్నాడు. "రైలు బాహర్ లటక్తా, ఔటర్ దగ్గర కూద్తా. మా ఆద్మీ చూసినాడు. ఎవరి ఆద్మీ?" అంటే ఈ పిల్లవాడెవడు, బండి బయట వేలాడి దూకేది ఎవరి మనిషి అని.

 ఒక్క మాట చాలు. నాకు తెలియదంటే వాణ్ణి లాక్కుపోతారు. ఎనిమిదేళ్ళవాడని చూడరు, తల్లి ఎవరో తెలిస్తే అసలే చూడరు. నాకు తెలుసంటే రేపు నేనూ ఆ లారీలోనే.

రూతమ్మ ఒక్క అంగలో వెళ్ళి వాడి చెంప ఛెళ్ళుమనిపించింది.

"బడికి పొమ్మంటే రైలెంట తిరుగుతవారా? మీ అమ్మకు ఏం మొహం చూపియ్యాలె నేను?" అని జుట్టు పట్టుకుంది. జమేదారు వైపు తిరిగి, "మా అన్న కొడుకు సాబ్. వీని తిక్క కుదుర్చుండ్రి జర" అంది.

నేను వాడిని చూశాను. వాడు ఇదేమిటి అని ఒక్క చూపు చూసినా అయిపోయేది. వాడు రూతమ్మ కాళ్ళకు చుట్టుకుపోయి, "కొట్టకే అత్తా! ఇగ పోనే, ఏసు తోడు, ఇగ పోనే!" అని బావురుమన్నాడు. ముక్కు, కన్నీళ్ళు ఏకధారగా కారిపోతున్నాయి. ఏసు పేరు వాడికెట్లా తెలుసంటే, లాంప్ రూము గోడ మీద నేను తగిలించిన పటం ఉంది, కిందటి గంటలో రూతమ్మ రెండుసార్లు ఆయన్ని తలుచుకుంది. అంతే.

జమేదారు నావైపు చూశాడు. "తుమ్హారే సాలే కా బచ్చా? తో బాహర్ క్యోం లటక్తా?" నీ బావమరిది కొడుకైతే బయట ఎందుకు వేలాడతాడని.

"మా అత్తగారింటోళ్ళందరికీ తిక్కే సాబ్" అన్నాను. అది మటుకు నేను మనస్ఫూర్తిగా అన్న మాట. జమేదారు మీసం కింద నవ్వి పోయాడు. ఆ రాత్రి నాకు అన్నం దొరకలేదు.

అతను పోగానే పోరగాడు ఏడుపు ఆపేశాడు. కుళాయి కట్టేసినట్టు. చెంప రుద్దుకుంటూ, "ఇంక పల్లికాయ ఉన్నదా అత్తా?" అన్నాడు. రూతమ్మ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. నాకేమో పాత అనుమానం మళ్ళీ లేచింది. ఒక్క క్షణంలో ఇంత ఏడుపు తెచ్చుకోగలిగినవాడు తల్లి కథ మాత్రం అల్లలేడా?

తేల్చుకోవాలంటే ఒక్కతే దిక్కు. మానుకోట స్టేషన్‌లో జనానా డబ్బా దగ్గర నీళ్ళు పోసే రాజవ్వ. క్యాంపువాళ్ళు ఆడవాళ్ళను రైలెక్కించినప్పుడు వాళ్ళతో మాట్లాడటానికి ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళ కుండకు మాత్రం అడ్డు చెప్పేవాళ్ళు కాదు. ఎవరు ఏ బండిలో పోయారో ఆమెకు తెలియకుండా ఉండదు. వెళ్ళి మామూలుగా అడిగినట్టు అడిగాను.

"గూడూరు దిక్కు మనిషి, కొమురమ్మ అని, నీకు యాదున్నదా రాజవ్వా?"

ఆమె కుండ దించి నన్ను కిందికీ మీదికీ చూసింది. "నీకెందుకు సారూ? నువ్వు ఎవలకు చెప్తవ్?"

లైనంతా అనుమానించే నన్ను అనుమానించే మనిషి దొరికింది. నేను ఎంత నచ్చజెప్పినా "నాకేం ఎరుక లేదు, నీళ్ళు పోస్తా పోతా" అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే సంజాయిషీలు చెప్పుకున్నాను. చివరికి ఆ మర్నాడు పోరగాణ్ణి తీసుకుపోయి ఎదురుగా నిలబెట్టాను. వాణ్ణి చూడగానే ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"తల్లి మొహమే దిగింది" అంది. తరవాత నాతో మెల్లగా, "దోసిట్ల నీళ్ళు తాగుకుంట చెప్పింది. గా ఊరోళ్ళు కనబడితే నా పోరనికి చెప్పు, జనగామ కాడికి తీసుకపోతున్నరట అని. గా ఊరోళ్ళు ఎవ్వలు రాలే సారూ. వచ్చినోళ్ళు మనోళ్ళో కాదో నాకెట్ల ఎరుక? నోరు మూసుకున్న."

వాడు రోజూ ఆమె కుండకు రెండు గజాల దూరంలోనే రైలెక్కి వేలాడేవాడు. ఆమెకు భయం, వాడికి అడగాలని తెలియదు. కాలమే అట్లాంటిది.

జనగామలో నిర్బంధ శిబిరం ఉన్న మాట నిజమే. సెలవు పెట్టి, హాఫ్ టికెట్ కొని వాణ్ణి తీసుకుపోయాను. రూతమ్మ వాడికి చొక్కా కుట్టింది, తల దువ్వింది, తల్లికని జొన్నరొట్టెలు మూట కట్టింది. రైలు లోపల బల్ల మీద కూర్చోవడం వాడికి అదే మొదలు. కుదురుగా కూర్చోలేదు.

"సారూ, లోపట కూసుంటే ఏ డబ్బల ఎవలున్నరో ఎట్ల కనబడ్తది?"

"జనగామల ఉన్నదిరా మీ అవ్వ. ఇంక వెతికేది లేదు."

"నిజమేనా?"

"నిజమే."

కాజీపేటలో బండి మారినప్పుడు మాత్రం నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి జనానా డబ్బా ఒకసారి చూసి వచ్చాడు. నాకు కోపం రాలేదు. నమ్మేముందు చూసుకోవడం నాకూ అలవాటే.

శిబిరం గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను, పక్కన కుర్చీలో ఒక ఆఫీసు మనిషి. రైల్వే కోటు చూసి మర్యాదగానే మాట్లాడాడు. కొమురమ్మ, గూడూరు వైపు అనగానే అతను జవాను వైపు చూశాడు. జవాను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆమె ఇక్కడ లేదండీ. మళ్ళీ రైలెక్కించేశారు" అన్నాడు ఆఫీసు మనిషి.

"ఏ బండికి? ఎక్కడికి?"

"పైకి."

"పైకంటే సికింద్రాబాదా? ఏ స్టేషనుకు?"

"పైకేనండీ. నాకు తెలియదు. మీరు వెళ్ళండి."

ఎన్ని వేలమంది అబద్ధాలు విన్నానో నేను. టికెట్ పడిపోయిందనేవాడు నేల చూస్తాడు, జేబు కొట్టేశారనేవాడు ఆకాశం చూస్తాడు. నా మొహం తప్ప అన్నీ చూస్తున్న ఆ మనిషిని చూడగానే నాకు అర్థమైంది. ఆమెను ఏ రైలూ ఎక్కించలేదు. ఆ గోడ లోపలే ఏదో జరిగిపోయింది. రుజువు లేదు. ఈ రోజుకీ లేదు. ఒట్టి అనుమానమే. కానీ నా సర్వీసు మొత్తంలో ఇంత గట్టి అనుమానం ఇంకొకటి రాలేదు.

పోరగాడు నా వేలు పట్టుకుని నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. మోకాళ్ళ మీద కూర్చుని వాడి భుజాల మీద చేతులేశాను. నోరు తెరవబోయాను.

"చెప్పిన గద సారూ" అన్నాడు వాడు గబగబా. "మా అవ్వ రైల్లనే ఉన్నది." అని రొట్టెల మూట లాక్కుని స్టేషన్ వైపు పరుగందుకున్నాడు.

నేను వెనక పరుగెత్తాను. ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి సికింద్రాబాద్ ప్యాసింజర్ కదిలిపోతోంది. వాడు మూట పళ్ళతో కరుచుకుని ఫుట్‌బోర్డు మీద ఉన్నాడు. కొత్త చొక్కా గాలికి ఉబ్బిపోయింది. ఒక కిటికీ, తరవాత ఇంకో కిటికీ. అట్లా చూసుకుంటూ చూసుకుంటూ రైలుతో పాటు మలుపు తిరిగిపోయాడు. తరవాత లైను మొత్తం కబురు పెట్టాను. గార్డులనడిగాను, సిగ్నల్ కేబిన్లవాళ్ళనడిగాను. ఎవరికీ కనపడలేదు. రూతమ్మ నాతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. "టికెట్ కొన్నవు, చెయ్యి పట్టుకోవొద్దా?" అనేది. 

తరవాత చాలా ఏళ్ళు గడిచాయి. మా పెద్దల్లుడు భూపాలపల్లిలో బడిపంతులు. అక్కడికి పోయినప్పుడు మా అమ్మాయి బలవంతం మీద టూరింగ్ టాకీసుకు పోయాను. ఫైటింగ్ సినిమా. ఆ హీరో పేరు నేను చెప్పను, మీరు పోల్చుకున్నా నేను ఔను అనను. అప్పటికి ఆంధ్రదేశమంతా వాడి పేరే. డూపు లేకుండా వాడే దూకుతాడని, ఎముకలు విరిగినా ఆగడని చెప్పుకునేవాళ్ళు. సినిమాలో రైలు మీద ఫైటు వచ్చింది. నడిచే రైలు ఫుట్‌బోర్డు మీద హీరో ఒక్క చేత్తో వేలాడుతూ వస్తున్నాడు. విలన్ ముందు డబ్బాలో ఉన్నాడు. హీరో మాత్రం మధ్యలో ఆగి, ఒక కిటికీలో తల పెట్టి, లోపలున్న ఆడవాళ్ళను ఒక్క చూపు చూసి, అప్పుడు ముందుకు పోయాడు. తరవాత దూకాడు. భుజం మీద పడి, బంతిలా దొర్లి, లేచి, దుమ్ము దులుపుకున్నాడు.

డేరా అంతా ఈలలు. నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. వెనకవాళ్ళు కూర్చో ముసలోడా అని అరుస్తున్నారు.

"వాడు కిటికిల ఎందుకు చూసిండు బిడ్డా?"

"గది ఆయన స్టైల్ నాయినా" అంది మా అమ్మాయి. "రైలు సీనుంటె చాలు, గట్ల చూడకుండ పోడు."

నాకు అనుమానం. ఎవడికైనా ఆ చూపు ఉండొచ్చు. నేను, జన్మలో సినిమాకు పైసా తియ్యనివాణ్ణి, ఆ హీరో రైలు సీన్లున్న సినిమాలన్నీ వెతుక్కుని చూశాను. అన్నిట్లో అదే చూపు. పత్రికల్లో మాత్రం కోస్తాలో పుట్టాడనీ, తండ్రి పెద్ద వ్యాపారస్థుడనీ రాశారు. తెర మీద మాట కూడా కృష్ణా జిల్లా మాటే. మా సమ్మయ్య ఎక్కడ, వీడెక్కడ? నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం జనగామలో హెడ్ టీసీగా ఉన్నాను. ఆ స్టేషన్‌లోనే సినిమా షూటింగ్ పెట్టారు. జనం గోడలెక్కారు, చెట్లెక్కారు. ప్లాట్‌ఫారం టికెట్ లేకుండా ఒక్కణ్ణీ రానివ్వద్దని నాకు ఆర్డరు. మధ్యాహ్నం భోజనాల వేళ హీరో ఒక్కడే రైలు చివరి డబ్బా నీడలో కూర్చుని ఉంటే దగ్గరికి పోయాను.

"ఏమండీ, ఏం కావాలి?" అన్నాడు మర్యాదగా, తెర మీది మాటతోనే.

"టికెట్" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

"హాఫ్ టికెట్ కొనిచ్చిన నీకు. తిరుగు ప్రయాణం నాతోని చెయ్యకనే పోయినవ్. రొట్టెల మూట సుత ఎత్తుకపోయినవ్."

అతని మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. చాలాసేపు నా మొహమే చూశాడు. అప్పుడు లేచి నిలబడి, చెంప మీద చెయ్యి వేసుకుని అడిగాడు.

"రూతమ్మత్త ఉన్నదా సారూ?"

 తలూపాను. అతను నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను రాళ్ళ మీద కూర్చున్నాడు. సికింద్రాబాదులో ఒక సర్కసువాళ్ళు తను దొర్లడం చూసి చేరదీశారట. అక్కడి నుంచి మద్రాసు, హీరోల బదులు కింద పడే పని. మొదట్లో నోరు తెరిస్తే మా తెలంగాణ మాటకు నవ్వేవాళ్ళట. ఊరు మార్చి, పేరు మార్చి, మాట మార్చి నిలబడ్డాడు. ఇదంతా ఒకరి కథ చెప్తున్నట్టు చెప్పాడు.

నేను అడగకుండా ఉండలేకపోయాను. "మీ అవ్వ... దొరికిందా?"

"దించిండ్రని ఇంక ఎవ్వలు చెప్పలే సారూ."

ఇన్నేళ్ళుగా నా గొంతులో ఉన్న మాట పైకి వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర ఆ మనిషి కళ్ళు, జవాను బూట్లు, నా అనుమానం. చెప్పాలా? ఎదిగిన మనిషికి తెలుసుకునే హక్కు లేదా? నోరు తెరిచాను.

అతను మెల్లగా నా చేతి మీద చెయ్యి వేశాడు. "వద్దు సారూ. మీ అనుమానం నాకు ఎరుకే. గా రోజే మీ మొహంల చూసిన. మొహాలు చూసుడే గద నా పని గప్పుడు. మీరు నోరు తెరుస్తున్నరని ఉరికిన. రైలు కోసం కాదు."

దూరంగా ఎవరో మెగాఫోనులో అతన్ని పిలిచారు. లేచి, చొక్కా సర్దుకుని, "వస్తానండీ" అన్నాడు. అప్పటికే ఆ కోస్తా మాట తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం షాటులో కూడా కిటికీలో తల పెట్టి చూశాడు. డైరెక్టరు ఓకే అన్నాడు, జనం ఈలలేశారు. ఇంటికి పోయి చెప్తే రూతమ్మ పొద్దుపోయేదాకా ఏడ్చింది. ఏడ్చి, "నేను గట్టిగ కొట్టినానయ్యా?" అని అడిగింది.

ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను ఎవరినైనా మొదట అడిగింది "టికెట్ ఏది?" అనే. దొరికినవాడు ఏం ఎత్తుకుపోతున్నాడా అని చూడటమే మాకు నేర్పిన పని. జనగామ షూటింగు తరవాత మిగిలిన కొద్ది నెలల్లో, టికెట్ లేని పిల్లలు దొరికితే పక్కకు పిలిచి ముందు ఒక మాట అడిగేవాణ్ణి, "ఎవరినైనా దేవులాడుతున్నవా బిడ్డా?" అని. ఎక్కువమంది ఎవరినీ వెతకడం లేదు, ఊరికే టికెట్ లేకుండా పోతున్నారు. వాళ్ళకు జరిమానా వేశాను. అడగడం మాత్రం మానలేదు.